దసరాకు ఊరెళ్తూ ల్యాబ్ కోడ్ తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. అమెరికాలో పీహెచ్‌డీ రెండో ఏడాది. దసరాకు ఇంటికెళ్తున్నా. వరంగల్ నిట్‌లో చదివిన సీనియర్ అన్న మా ల్యాబ్ కోడ్ ఒకసారి చూపించమంటున్నాడు. చూపించొచ్చా?

జవాబు: తమ్ముడూ, ఆ అన్న మంచివాడే అయ్యుండొచ్చు. అయినా మీ ప్రొఫెసర్‌ను అడగకుండా ఒక్క ఫైలు కూడా తెరవకు. హాస్టల్లో నోట్సులు, ప్రోగ్రాములు పంచుకుంటూ పెరిగినవాళ్లం, అడిగితే కాదనడానికి మనకు మొహమాటం. ఇక్కడ మనల్ని ఇరికించేది అదే.

కొత్తగా వచ్చినవాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఎగుమతి ఆంక్షలున్న టెక్నాలజీని అమెరికాలోనే, పక్క కుర్చీలో కూర్చున్న విదేశీయుడికి చూపించినా, అతని దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క. దీన్ని డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ అంటారు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా మనమూ ఆ లెక్కలోనే ఉంటాం. టెన్నెసీ యూనివర్సిటీ ప్రొఫెసర్ రీస్ రాత్ వైమానిక దళం డ్రోన్ల ప్రాజెక్టులో చైనా, ఇరాన్ విద్యార్థుల చేత పని చేయించారు, ఆ సమాచారం వెంటబెట్టుకుని చైనా వెళ్లారు. 2009లో, డెబ్భై దాటిన వయసులో, నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

అట్లని అన్నిటికీ భయపడకు. అందరికీ ప్రచురించే ఉద్దేశంతో, ఎవరి ఆంక్షలూ లేకుండా చేసే ప్రాథమిక పరిశోధన ఫలితాలకు ఈ గొడవ లేదు. అచ్చయిన పేపర్ మీద నిట్‌లో సెమినార్ ఇవ్వు, పిల్లలకు ఎంతో మేలు. కానీ డబ్బిచ్చినవాళ్లు 'మా అనుమతి లేకుండా ప్రచురించొద్దు' అని ఒప్పందంలో రాసుకుంటే ఆ వెసులుబాటు పోతుంది. కంపెనీ రహస్యంగా ఉంచమని ఇచ్చిన సోర్స్ కోడ్, డ్రాయింగులు ఎలాగూ వేరే సంగతి.

రేపో మాపో 'కన్సల్టెంట్‌గా ఉండండి, నెలనెలా డబ్బిస్తాం' అని వేరే దేశం నుంచి మెయిల్ కూడా రావచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అనుమతి లేని సంపాదన నీ వీసాకే ముప్పు. హార్వర్డ్ ప్రొఫెసర్ చార్లెస్ లీబర్‌పై 2021లో నేరం రుజువైంది. చైనావాళ్లతో కలిసి పనిచేసినందుకు కాదు, ఆ సంబంధం గురించి అధికారులకు అబద్ధం చెప్పినందుకు, ఆ ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపనందుకు.

ఇంకో పక్కా ఉంది. చైనాకు రహస్యాలు చేరవేసేవాళ్లను పట్టుకోవడానికి అమెరికా న్యాయశాఖ 2018లో మొదలుపెట్టిన చైనా ఇనిషియేటివ్ దర్యాప్తుల్లో ఏ పాపం ఎరగని శాస్త్రవేత్తలూ నలిగిపోయారు. ఎంఐటీ ప్రొఫెసర్ గాంగ్ చెన్‌పై పెట్టిన కేసును 2022 జనవరిలో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, మరుసటి నెల ఆ కార్యక్రమాన్నే ఆపేసింది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. విదేశీ పేరుంటే అనుమానం త్వరగా వస్తుంది. అందుకే నోటిమాటతో సరిపెట్టుకోకు, ప్రొఫెసర్‌కు మెయిల్ రాసి జవాబు దాచుకో. యూనివర్సిటీలో ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ ఆఫీసు ఉంటుంది, ప్రయాణానికి ముందే వాళ్లను కలువు. ఊరికి తీసుకెళ్లడానికి ఖాళీ ల్యాప్‌టాప్ ఇచ్చే యూనివర్సిటీలూ ఉన్నాయి, అదీ అడుగు.