గ్రీకు అక్షరాల్లా ఉన్నా గ్రీకు కాని కేరియన్

ప్రశ్న: కేరియన్ అనే ప్రాచీన భాష లిపి గ్రీకులాగే కనిపిస్తుంది కదా, చదవడానికి అంతకాలం ఎందుకు పట్టింది?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఆ పోలికే ముంచింది. మీ ఊళ్లో బోర్డులు చూడండి: గుండ్రటి సున్న తెలుగులో అనుస్వారం, ఒడియాలో ‘ఠ’. తెలుగు చదివినట్టే ఒడియా చదివితే ఏమవుతుందో, కేరియన్‌కు గ్రీకు ధ్వనులు అంటగట్టినప్పుడూ అదే అయింది.

ఈ భాష మాట్లాడిన కేరియా ప్రాంతం నేటి నైరుతి టర్కీలో ఉంది. శాసనాలు మాత్రం ఎక్కువగా ఈజిప్టులో దొరికాయి, అక్కడ కిరాయి సైనికులుగా పనిచేసిన కేరియన్లవి. కొన్నిటిపై అదే మనిషి పేరు ఈజిప్టు లిపిలోనూ ఉంది. 1980లలో బ్రిటిష్ ఈజిప్టు పండితుడు జాన్ రే ఆ పేర్లనే పట్టుకున్నాడు. ఈజిప్టు పేరులోని ధ్వనులను కేరియన్ అక్షరాలకు వరుసగా జతచేసి, వచ్చిన విలువలు మరో శాసనంలోని పేరుకూ సరిపోతాయా అని చూడాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం: అచ్చులు చాలాచోట్ల రాయరు, ఈజిప్టులో రాత ఎక్కువగా కుడినుంచి ఎడమకు, పదాల మధ్య ఖాళీ తరచు ఉండదు. ఒక్క పేరుతో తీర్పు చెబితే తప్పుతుంది.

1996లో కేరియాలోని పురాతన నగరం కౌనోస్‌లో గ్రీకు-కేరియన్ ద్విభాషా శాసనం బయటపడింది. నికోక్లిస్, లిసిక్లిస్ అనే ఏథెన్స్‌వాసుల పేర్లు కొత్త విలువలతోనే చక్కగా పలికాయి. కంప్యూటర్లలో ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 2008 నుంచి 49 కేరియన్ అక్షరాలున్నాయి. ఒక్కో ఊరి రాత తీరు వేరు కాబట్టి అన్నీ ఒకచోట వాడరు.