కారు లీజులో రెసిడ్యువల్ ఎవరు పెడతారు, రేటు ఎవరు పెడతారు? డీలర్ "మా చేతిలో లేదు" అంటే నమ్మాలా?

ప్రశ్న: నేను అమెరికాలో ఐటీ జాబ్ చేస్తున్నాను సర్. రెండు నెలల క్రితం ఒక ఎస్‌యూవీ 36 నెలల లీజుకి తీసుకున్నాను. స్టిక్కర్ ధర 40,000 డాలర్లు, బేరం చేస్తే 38,000కి ఒప్పుకున్నారు. రెసిడ్యువల్, అంటే లీజు చివరికి కారుకి కట్టిన విలువ, 58 శాతం, మనీ ఫ్యాక్టర్ అనే లీజు రేటు "టూ పాయింట్ వన్", రెండూ కంపెనీ ఫిక్స్ చేసినవే మా చేతిలో ఏమీ లేదు అన్నాడు ఫైనాన్స్ మేనేజర్. తీరా చూస్తే మా కొలీగ్ అదే నెలలో అదే కారు, అదే ట్రిమ్ ఇంకో డీలర్ దగ్గర తీసుకున్నాడు, రెసిడ్యువల్ సేమ్, మనీ ఫ్యాక్టర్ మాత్రం .00170 అట. క్రెడిట్ స్కోర్ ఇద్దరికీ దాదాపు ఒకటే. ఇది మోసం కాదా? లీజు క్యాన్సిల్ చేసుకోవచ్చా? మూడేళ్ల తర్వాత కారు ఆ 58 శాతం పలక్కపోతే తేడా నన్ను కట్టమంటారా?

జవాబు: ముందు చివరి భయం తీర్చేస్తా, ఎందుకంటే మీలాగే చాలామంది దాని గురించే నిద్ర పాడుచేసుకుంటారు. షోరూంలో మామూలు జనం తీసుకునే లీజులు దాదాపు అన్నీ క్లోజ్డ్ ఎండ్ లీజులే, అంటే గడువు చివర కారు ఇచ్చేశాక అది వేలంలో ఎంతకి పోయినా ఆ లాభనష్టాలు లీజు కంపెనీవే. మీరు కట్టాల్సి వస్తే అదనపు మైళ్లకి, మామూలు వాడకాన్ని మించిన డ్యామేజీకి, కాంట్రాక్టులో రాసి ఉంటే డిస్పొజిషన్ ఫీజుకి (కారు వెనక్కి ఇచ్చేటప్పుడు తీసుకునే ఫీజు), అంతే. ఓపెన్ ఎండ్ లీజు అయితే మాత్రం తేడా మీ మీద పడుతుంది, దానికి కూడా ఫెడరల్ చట్టంలో ఒక అడ్డుకట్ట ఉంది. కారుకి నిజంగా వచ్చిన విలువ కంటే వాళ్లు పెట్టిన రెసిడ్యువల్ మూడు నెలల పేమెంట్లకి మించి ఎక్కువ ఉంటే ఆ రెసిడ్యువల్ సమంజసంగా పెట్టలేదనే చట్టం అనుకుంటుంది, ఆ పైమొత్తం కావాలంటే కంపెనీ కోర్టుకెళ్లి గెలవాలి, మీ లాయర్ ఫీజు కూడా వాళ్లే ఇవ్వాలి. ఎక్కువ మైళ్ల వల్లో డ్యామేజీ వల్లో తగ్గిన విలువకి ఈ రక్షణ రాదు. మీ కాగితం ఏ రకమో ఒకసారి చూసుకోండి, నాకు తెలిసి క్లోజ్డ్ ఎండే అయ్యుంటుంది.

నేను చెప్పే చట్టం పేరు కన్స్యూమర్ లీజింగ్ యాక్ట్, 1976లో వచ్చింది, దాని కింద ఉన్న రూల్స్‌ని రెగ్యులేషన్ ఎం అంటారు. సొంత వాడకానికి, నాలుగు నెలలకి మించి తీసుకున్న లీజులకి ఇది వర్తిస్తుంది, మొత్తం బాధ్యతకి ఒక పరిమితి కూడా ఉంది, 2025లో అది 71,900 డాలర్లు. ఇక్కడ బాధ్యత అంటే కారు ధర కాదు, రెసిడ్యువల్ అందులోకి రాదు, మీరు లీజు కాలంలో కట్టేదే లెక్క, మీ కేసులో అది సుమారు 20,000 కాబట్టి హాయిగా లోపలే ఉన్నారు. ట్యాక్స్ కలిసొస్తుందని ఎల్ఎల్‌సీ, అంటే సొంత కంపెనీ పేరు మీద బిజినెస్ వాడకానికని లీజు రాయించుకునేవాళ్లకి మాత్రం ఈ రక్షణ పోతుంది, ఆ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు రెసిడ్యువల్ సంగతి. ఈ విషయంలో మీ ఫైనాన్స్ మేనేజర్ చెప్పింది నిజమే. రెసిడ్యువల్ అంటే లీజు అయిపోయేసరికి కారు ఎంత పలుకుతుందో ముందే కట్టిన అంచనా, అది కట్టేది డీలర్ కాదు, లీజు కంపెనీ, ఎక్కువగా కారు తయారీదారుకి చెందిన ఫైనాన్స్ కంపెనీనే. వేలాల్లో ఆ మోడల్ పాత బళ్లు ఎంతకి పోతున్నాయి, కొత్త డిజైన్ ఎప్పుడొస్తుంది, మూడేళ్ల తర్వాత ఒకేసారి ఎన్ని లీజు కార్లు మార్కెట్ మీద పడతాయి, పెట్రోలు ధర ఎటు పోయేలా ఉంది, ఇవన్నీ చూసి కార్ల భవిష్యత్తు విలువ లెక్కగట్టే ఏఎల్‌జీ లాంటి సంస్థల అంచనాలు పక్కన పెట్టుకుని మోడల్‌కి, ట్రిమ్‌కి, నెలలకి, మైళ్లకి విడివిడిగా ఒక శాతం పెడతారు. ఏడాదికి 10,000 మైళ్ల లీజుకి ఒకటి, 15,000కి దానికంటే తక్కువ. సాధారణంగా నెలనెలా ఈ పట్టిక మారుతుంది, ఆ నెలలో ఆ కంపెనీ ద్వారా ఆ కారు తీసుకునే ఎవరికైనా అదే శాతం, అందుకే మీకూ మీ కొలీగ్‌కీ 58 దగ్గర తేడా రాలేదు.

ఈ అంచనా తప్పితే ఎంత దెబ్బ తగులుతుందో 2008లో కంపెనీలకి బాగా తెలిసొచ్చింది, పెట్రోలు ధర పెరిగి పెద్ద ట్రక్కులు, ఎస్‌యూవీల పాత ధరలు పడిపోతే ఫోర్డ్ క్రెడిట్ ఒక్క త్రైమాసికంలోనే 210 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది, క్రైస్లర్ ఫైనాన్షియల్ అయితే ఆ ఆగస్టు నుంచి లీజులే ఆపేసింది. తిరగబడిన రోజులు కూడా ఉన్నాయి, 2021, 2022లో పాత కార్ల ధరలు ఎక్కడికో వెళ్లిపోతే లీజు చివర కాగితంలో రాసిన రేటుకి కారు కొనుక్కున్నవాళ్లు బాగుపడ్డారు. కాబట్టి మీ రెసిడ్యువల్ చివర్లో మీకు కొనే హక్కు ధర కూడా అవుతుంది, కొనే ఆప్షన్ ఉందో లేదో, ఉంటే ఎంతకో కాంట్రాక్టులో రాసి ఉండాలి.

ఇంకో మాట. రెసిడ్యువల్ లెక్కేసేది 40,000 స్టిక్కర్ మీద, మీరు బేరమాడిన 38,000 మీద కాదు. 40,000లో 58 శాతం 23,200, మీరు ఇంకో వెయ్యి తగ్గించుకున్నా అది కదలదు, తగ్గిన వెయ్యి మొత్తం మీ తరుగుదలలోంచే పోతుంది. లీజుకి బేరం ఉండదు అనేవాళ్ల మాట ఎప్పుడూ వినకండి, ధర దగ్గర బేరం కొనుగోలుకి ఎంత ఉంటుందో లీజుకీ అంతే ఉంటుంది.

అసలు గొడవంతా రేటు దగ్గర. మనీ ఫ్యాక్టర్ అనేది వడ్డీనే, వేషం మార్చుకుని వస్తుంది. దాన్ని 2400తో గుణిస్తే సుమారు ఏడాది వడ్డీ శాతం వస్తుంది. ఎందుకు 2400 అంటే, లీజులో బాకీ మొదట్లో కారు ధర అంత ఉండి చివరికి రెసిడ్యువల్ అంతకి దిగుతుంది, సగటు బాకీ రెండిటి మొత్తంలో సగం, ఆ సగం కోసం 2, నెలల కోసం 12, శాతం కోసం 100, ఈ మూడూ గుణిస్తే 2400. మీకు చెప్పిన "టూ పాయింట్ వన్" అసలు .00210, దాన్ని గుణిస్తే 5.04 శాతం, మీ కొలీగ్‌ది 4.08 శాతం. "టూ పాయింట్ వన్" అని నోటితో అన్నప్పుడు మీరు 2.1 శాతం అనుకుని ఉంటారు, అనుకోవడంలో మీ తప్పేమీ లేదు, ఆ మాట అలా పలకడమే జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ రేటులో మొదటి భాగం ఫైనాన్స్ కంపెనీది. వాళ్లు మార్కెట్లో ఎంత వడ్డీకి డబ్బు తెచ్చుకుంటున్నారు, మీ క్రెడిట్ స్కోర్ ఏ టియర్‌లో, అంటే ఏ మెట్టులో పడింది, ఆ నెలలో కార్లు కదలడం కోసం తయారీదారు తన జేబులోంచి రేటు తగ్గిస్తున్నాడా, వీటిని బట్టి ఒక రేటు వస్తుంది, దాన్ని బై రేట్ అంటారు. 2023 జులై నుంచి 2024 సెప్టెంబర్ దాకా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ పెట్టే వడ్డీ రేటు 5.25 నుంచి 5.50 శాతం మధ్య కూర్చున్నప్పుడు లీజులు అంత భారంగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. రెండో భాగం డీలర్ మార్కప్. చాలా ఫైనాన్స్ కంపెనీలు ఒక హద్దు వరకు బై రేట్ మీద కొంత కలుపుకోనిస్తాయి, ఆ కలిపినదాంట్లో డీలర్‌కి వాటా వస్తుంది. మీ కేసులో .00170కి .00040 కలిసినట్టు కనిపిస్తోంది, కనిపిస్తోంది అనే అంటున్నా, మీ టియర్, ఆయన టియర్ ఒకటేనని కాగితం చూడకుండా నేను చెప్పలేను.

డబ్బులో చూడండి. 38,000కి 700 అక్విజిషన్ ఫీజు (లీజు మొదలుపెట్టడానికి తీసుకునే ఫీజు) కలిసి మీ అడ్జస్టెడ్ క్యాపిటలైజ్డ్ కాస్ట్, అంటే లీజు లెక్క మొదలయ్యే మొత్తం, 38,700 అని మీరు పంపిన కాగితంలో ఉంది. అందులోంచి 23,200 తీసేస్తే తరుగుదల 15,500, నెలకి 430.56. రెంట్ చార్జీ, అంటే వడ్డీ భాగం కోసం 38,700కి 23,200 కలపండి, తీసేయకూడదు కలపాలి, 61,900 వస్తుంది, దాన్ని .00210తో గుణిస్తే నెలకి 129.99. కొలీగ్ రేటుతో అయితే 105.23. తేడా నెలకి 24.76, 36 నెలలకి 891 డాలర్లు. పైకి కంటికి ఆనని ఆ .0004 వెనక ఉన్న సొమ్ము ఇది.

మరి చట్టం ఏం చూపించమంటుంది? ఇక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు, లీజులో వడ్డీ శాతం చూపించాలన్న రూలు ఫెడరల్ చట్టంలో లేనే లేదు. అప్పుకి యాన్యువల్ పర్సంటేజ్ రేట్ చెప్పి తీరాలి, లీజు అప్పు కాదు కాబట్టి అది అక్కర్లేదు, పైగా లీజులో రేటుని ఆ పేరుతో పిలవకూడదని రెగ్యులేషన్ ఎం అంటుంది. వాళ్లంతట వాళ్లు ఏదైనా శాతం కాగితంలో పెడితే ఇది మొత్తం ఖర్చుకి సరైన కొలత కాకపోవచ్చు అనే హెచ్చరిక జత చేయాలి. చూపించి తీరాల్సింది డాలర్లలో రెంట్ చార్జీ. మీ లీజు మొదట్లో విడిగా గీతలు గీసిన డిస్‌క్లోజర్ భాగంలో గ్రాస్ క్యాపిటలైజ్డ్ కాస్ట్, అడ్జస్టెడ్ క్యాపిటలైజ్డ్ కాస్ట్, రెసిడ్యువల్ వాల్యూ, తరుగుదల, ఆ కింద రెంట్ చార్జ్ వరసగా ఉంటాయి. మీ దాంట్లో రెంట్ చార్జ్ సుమారు 4,680. దాన్ని 36తో భాగించి, వచ్చినదాన్ని 61,900తో భాగించండి, .0021 బయటపడుతుంది. ఎవరూ చెప్పకపోయినా ఆ కాగితం చెప్తుంది, సంతకం పెట్టక ముందు ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి ఈ రెండు భాగహారాలు చేసుకునే హక్కు, టైమ్ మీకున్నాయి, చేసుకోనివ్వకుండా తొందరపెడితే లేచి వచ్చేయండి. గ్రాస్ కాస్ట్‌లో ఏమేం కలిపారో వివరం కావాలని అడిగితే ఇచ్చి తీరాలి, వద్దన్న వారంటీలూ అవీ చాలాసార్లు అందులోనే దాక్కుని ఉంటాయి.

కాబట్టి మోసమా కాదా అంటే, మార్కప్ కలిపి ఊరుకోవడం ఫెడరల్ లీజు చట్టం కింద తప్పు కాదు. బై రేట్ ఎంతో చెప్పాలని ఆ చట్టం అనదు. కానీ అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరే సంగతి. "రేటు కంపెనీ ఫిక్స్ చేసింది, మేం మార్చలేం" అని చెప్పి అదే టేబుల్ మీద తనే .0004 కలిపి ఉంటే, లేదా రేటు 2.1 శాతం అని చెప్పి ఉంటే, అది మీ రాష్ట్రంలో వినియోగదారుల్ని మోసపుచ్చే వ్యాపార పద్ధతుల చట్టం కిందకి రావచ్చు. ఇలాంటి చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఏదో రూపంలో ఉంది, నష్టపరిహారం, గడువు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. డీలర్ల మోసాల మీద ఎఫ్‌టీసీ (ఫెడరల్ ట్రేడ్ కమిషన్) దేశమంతటికీ తెచ్చిన కార్స్ రూల్‌ని 2025 జనవరిలో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది, అందుకే ఇప్పుడు మీ బలం ఎక్కువగా రాష్ట్ర చట్టంలోనే ఉంది. నోటిమాట మీద కేసు నిలబెట్టడం కష్టం, ఆ మాటలు టెక్స్ట్‌లోనో ఈమెయిల్‌లోనో ఉంటే మాత్రం మీ చేతిలో మంచి ఆధారం ఉన్నట్టే, ఇవాళే స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి.

క్యాన్సిల్ గురించి సూటిగా చెప్తా, కుదరదు. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు అనేది షోరూంలో తీసుకున్న కార్లకి ఫెడరల్ చట్టంలో లేదు. కోపంలో తాళాలు వాళ్ల టేబుల్ మీద పడేసి రావద్దు, అది ఎర్లీ టెర్మినేషన్, అంటే గడువుకి ముందే లీజు తెంచుకోవడం అవుతుంది, అప్పుడు ఇందాక మీది కాదు అన్న రెసిడ్యువల్ రిస్కే మీ మెడకి చుట్టుకుంటుంది. మిగిలిన బాకీలోంచి వేలంలో వచ్చింది తీసేసి తేడా కట్టమంటారు, మొదటి ఏడాదిలో కారు విలువ వేగంగా పడిపోతుంది కాబట్టి ఆ తేడా వేలల్లో ఉండొచ్చు. ఒకవేళ తప్పనిసరై అక్కడిదాకా వస్తే, కారు వచ్చిన విలువ మీద మీ బాధ్యత ఆధారపడినప్పుడు ఇద్దరూ ఒప్పుకున్న స్వతంత్ర అప్రైజర్‌తో మీ ఖర్చు మీద విలువ కట్టించుకునే హక్కు మీకుంది, ఆ విలువకి కంపెనీ కూడా కట్టుబడాలి.

891 డాలర్ల కోసం దావా వేయమని నేను చెప్పను. ముందు డీలర్ జనరల్ మేనేజర్‌కి రాతపూర్వకంగా అడగండి, మీ ఫైనాన్స్ మేనేజర్ ఏమన్నాడో, మీ కాగితం లెక్క ఏమంటోందో రెండూ రాసి, మీ టియర్‌కి ఆ నెల బై రేట్ ఎంత, ఎంత కలిపారు, కలిపినది వాపసు ఇస్తారా అని. ఫైనాన్స్ కంపెనీకి కాపీ పెట్టండి, తమ డీలర్ గురించి ఇలాంటి ఉత్తరం కస్టమర్ చేతి రాతలో రావడం వాళ్లకీ ఇష్టం ఉండదు. జవాబు రాకపోతే డీలర్ మీద రాష్ట్ర అటార్నీ జనరల్‌కి, ఎఫ్‌టీసీకి, ఫైనాన్స్ కంపెనీ మీద సీఎఫ్‌పీబీకి (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) ఫిర్యాదు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్నాం, ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో అని చాలామంది మనవాళ్లు నోరు మూసుకుంటారు, డీలర్ మీద వినియోగదారుడిగా ఫిర్యాదు చేయడం మీ హక్కు, దానికి మీ వీసా స్టేటస్‌తో సంబంధం లేదు.

డిస్‌క్లోజర్ భాగంలోనే అంకె తప్పుగా ఉన్నా, ఉండాల్సిన వరస లేకపోయినా అప్పుడు కేసు మారుతుంది, నిజంగా జరిగిన నష్టంతో పాటు నెలవారీ పేమెంట్ల మొత్తంలో 25 శాతం, కనీసం 200, గరిష్ఠంగా 2,000 డాలర్లు, లాయర్ ఫీజు కూడా అడగొచ్చు, లీజు ముగిసిన ఏడాది లోపు వేయాలి. అందుకని మిగతా కాగితాలు కూడా స్కాన్ చేసి పంపండి, ముఖ్యంగా ఆర్బిట్రేషన్ క్లాజ్, అంటే గొడవలు కోర్టు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు ఉన్న పేజీ. కొన్ని కాంట్రాక్టుల్లో సంతకం పెట్టిన తేదీ నుంచి ఇన్ని రోజుల్లోగా ఉత్తరం రాస్తే ఆర్బిట్రేషన్ వద్దనుకోవచ్చు అని ఉంటుంది, మీకు ఇప్పటికే రెండు నెలలైంది కాబట్టి మిగతా అన్నిటికంటే ముందు ఆ పేజీ తీసి ఆ గడువు చూడండి.