సిలూయెట్ పోటీలకు మొదటి పిస్టల్: .44 మాగ్నమా, కంటెండరా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. సొంతూరు పాలకొల్లు, ఇప్పుడు ఫీనిక్స్‌లో ఉంటున్నారు. ఆఫీసులో ఒకాయన వెంట వెళ్ళి సిలూయెట్ అనే ఇనుప బొమ్మల పోటీ చూశారు, అప్పట్నుంచి మనసంతా దాని మీదే ఉంది. .44 మాగ్నమ్ రివాల్వర్ కొనాలా, 7 ఎంఎం టీసీయూ తూటా వాడే కంటెండర్ (ఒక్కో తూటా పెట్టి కాల్చే, బారెల్ మార్చుకోగల పిస్టల్) కొనాలా, రూల్స్‌కి ఏది చెల్లుతుంది, సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ప్రాక్టీసు సంగతేంటి అని అడిగారు.

రెండూ చెల్లుతాయి. కానీ మొదట కొనాల్సింది ఆ రెండూ కాదు, చిన్న తూటా వాడే .22 పిస్టల్ కొనండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది. నేను టెక్సాస్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వీలైన ప్రతి నెలా ఈ పోటీలకు వెళ్ళేవాణ్ణి, ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నాను, ఈ ఆట మీద ఇష్టం మాత్రం అలాగే ఉంది.

తుపాకీ సంగతికి ముందు మీ కాగితాల సంగతి. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. గ్రీన్ కార్డు ఉంటే ఇబ్బంది లేదు. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉంటే మాత్రం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. దానికి మినహాయింపులున్నాయి, అందులో మనవాళ్ళకు పనికొచ్చేది అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. అది గడువులో ఉండాలి, కాపీ దగ్గరుండాలి. ఫ్రెండు పేరు మీద కొనిపించుకుందాం అనే ఆలోచన అసలు పెట్టుకోకండి, అది వేరే నేరం, దాంతో ఇమ్మిగ్రేషన్ మొత్తం పోతుంది. లాయరుకిచ్చే ఒక గంట ఫీజు ఇక్కడ దండగ కాదు.

సరే, ఆట. ఐహెచ్ఎమ్ఎస్ఏ (ఇంటర్నేషనల్ హ్యాండ్‌గన్ మెటాలిక్ సిలూయెట్ అసోసియేషన్) అనే సంఘం 1976లో పుట్టింది, నేను ఇక్కడ చెప్పే రూల్స్ ఆ సంఘానివే. పెద్ద తూటాల విభాగమైన బిగ్ బోర్‌లో కోడి బొమ్మ 50 మీటర్లు, పంది 100, టర్కీ 150, పొట్టేలు 200. అయిదేసి బొమ్మలు వరసగా నిలబెడతారు, అయిదు గుళ్ళకు రెండు నిమిషాలు, ఎడమ నుంచి కుడికి వరస తప్పకుండా కొట్టాలి. తగిలితే చాలదు, బొమ్మ పీఠం మీంచి పడాలి. ఖంగుమని మోగి అక్కడే నిలబడితే సున్నాయే. మీరు ఏది కొనాలన్నది తేలేది ఈ ఒక్క రూల్ దగ్గరే.

కొలతల విషయానికొస్తే ప్రొడక్షన్ కేటగిరీలో బారెల్ 10¾ అంగుళాలు దాటకూడదు, బరువు 4 పౌండ్లు దాటకూడదు, తుపాకీ కంపెనీ అమ్మినది అమ్మినట్టుగా ఉండాలి. అన్‌లిమిటెడ్‌లో బారెల్ 15 అంగుళాల దాకా, బరువు నాలుగున్నర పౌండ్ల దాకా ఒప్పుకుంటారు. అందుకే పాత రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ 10½ అంగుళాల బారెల్‌తో, స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 29 సిలూయెట్ 10⅝ అంగుళాలతో వచ్చాయి, రూల్ అంచు దాకా చూసుకుని చేసిన తుపాకులు అవి. కంటెండర్ 10 అంగుళాల బారెల్‌తో ఉంటే ప్రొడక్షన్‌లో ఆడొచ్చు, అదే ఫ్రేముకి 14 అంగుళాల బారెల్ తగిలిస్తే అన్‌లిమిటెడ్‌లోకి వెళ్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు జేబులో టేపు పెట్టుకుని వెళ్ళండి, ట్రిగ్గర్ మార్చారా, గ్రిప్ మార్చారా, సైట్లు మార్చారా అని అమ్మేవాణ్ణి మొహమాటం లేకుండా అడగండి, ఆ ఏడాది రూల్‌బుక్‌తో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి. మార్పులు చేసిన తుపాకీ ఎంత బాగున్నా ప్రొడక్షన్‌లో దాన్ని ఒప్పుకోరు.

ఇక పొట్టేలు. 20 కిలోలకు పైనే ఉండే ఉక్కు బొమ్మ, అదీ 200 మీటర్ల అవతల. కొత్తవాళ్ళంతా పెట్టె మీద రాసిన వేగమూ శక్తీ చూసి తూటా ఎంచుకుంటారు. బొమ్మను పడేసేది అది కాదండి, తోపు. రేవులో ఇసుక పట్టిన పడవని కాలితో ఎంత గట్టిగా తన్నినా కదలదు, భుజం ఆనించి తోస్తే జారుతుంది. ఇదీ అంతే. లెక్క చాలా తేలిక, బుల్లెట్ బరువుని పొట్టేలు దగ్గర దానికి మిగిలిన వేగంతో గుణించండి. .44 మాగ్నమ్ 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ బయల్దేరేటప్పుడు సెకనుకు 1,350 అడుగుల దరిదాపుల్లో ఉంటుంది, 200 మీటర్లకు చేరేసరికి సుమారు 960. అంటే 2 లక్షల 30 వేలు. 7 ఎంఎం టీసీయూ 140 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్ 14 అంగుళాల బారెల్‌లో 2,000తో బయల్దేరి అక్కడికి చేరేసరికి సుమారు 1,650 మిగుల్చుకుంటుంది. గుణిస్తే మళ్ళీ 2 లక్షల 30 వేల దగ్గరే తేలుతుంది. ఇప్పుడు .223 రైఫిల్ తూటా చూడండి, 55 గ్రెయిన్ల బుల్లెట్ పొట్టేలు దగ్గర ఇంకా 2,100 పైన పరిగెడుతున్నా లెక్క 1 లక్ష 15 వేలు, సగం. శక్తి లెక్కలో ఆ .223 బుల్లెట్ .44ని దాటేస్తుంది, కానీ పొట్టేలు మోగి ఊరుకుంటుంది, పైగా ఆ వేగానికి ఉక్కు మీద గుంట పడి రేంజివాళ్ళు మిమ్మల్ని పక్కకు పిలుస్తారు. ఉక్కు కోర్ ఉన్న బుల్లెట్లు ఎలాగూ నిషేధం.

.357 మాగ్నమ్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. కోడి, పంది, టర్కీ వరకూ హాయిగా పడతాయి. పొట్టేలు వీపు గీత మీద తగిలితే పడొచ్చు, పొట్ట కిందో కాళ్ళ మీదో తగిలితే నిలబడిపోతుంది. పైన తగిలిన దెబ్బకి కూలగొట్టే బలం ఎక్కువ కదా. ఈ లోటు తీర్చడానికే 1983లో .357 మాక్సిమమ్ తెచ్చారు, కానీ రూగర్ రివాల్వర్‌లో సిలిండర్ పైనున్న పట్టీని వేడి గ్యాసు కోసేస్తోందన్న గొడవ వచ్చి ఆ మోడల్ ఎక్కువ కాలం నడవలేదు. ఇంట్లో ఇప్పటికే .357 ఉంటే ఫీల్డ్ పిస్టల్ ఆడండి, అక్కడ పొట్టేలు 100 మీటర్లకే ఉంటుంది, నిలబడి కొట్టాలి, చేయి సాధనకు అంతకంటే మంచిది లేదు.

అయితే .44కీ టీసీయూకీ తేడా ఏమిటంటారా? పొట్టేలు దగ్గర తోపు సమానమే గానీ మీ చేతుల దగ్గర కాదు. పోటీకి 40 బొమ్మలుంటాయి, కొన్నిచోట్ల 80. అన్నిసార్లు .44 వెనక్కి తన్నుతుంటే సగం దాటేసరికి ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో కన్ను దానంతటదే మూసుకుంటుంది, మణికట్టు ముందే బిగుసుకుంటుంది. దీన్ని ఫ్లించ్ అంటారు, ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకోటి, ఫ్రీస్టైల్‌లో వెల్లకిలా పడుకుని తుపాకీని మోకాలి కింద కాలి పక్కకు ఆనించి కొడతారు. రివాల్వర్‌లో సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు ఉంటుంది కదా, పేల్చిన ప్రతిసారీ అందులోంచి మంటా, సీసం తునకలూ పక్కకు చిమ్ముతాయి. జీన్స్ ప్యాంటు మీద ఒకే చోట నల్లటి చార పడుతుంది, రెండో వరసకు గుడ్డ పెళుసెక్కుతుంది, మూడోదానికి చిరుగుతుంది, ఆ తర్వాత చర్మమే. అందుకే రివాల్వర్‌వాళ్ళు పిక్కకు మందపాటి తోలు ముక్క కట్టుకుంటారు. రివాల్వర్ కొంటే ఆ తోలు కూడా అదే రోజు కొనండి. కంటెండర్‌కి ఆ సందు లేదు, మడిచి ఒక్క తూటా పెట్టి మూసేయడమే.

టీసీయూకి ఉన్న కష్టం వేరు. ఆ తూటాని .223 ఖాళీ కేసు మెడ 7 ఎంఎంకి వెడల్పు చేసి తయారుచేసుకోవాలి, దుకాణంలో పెట్టెల్లో దొరికేది కాదు. అంటే రీలోడింగ్ (ఖాళీ కేసులో మళ్ళీ మందూ బుల్లెట్టూ నింపడం) ప్రెస్సు, కేసుని మలిచే డైలు, మందు తూచే తక్కెడ, ఇవన్నీ కావాలి, అంతకు మించి ఓపిక కావాలి. ఓపిక ఉన్నవాళ్ళకు దీన్ని మించింది లేదని నా నమ్మకం. కేసులు చవక, కుదుపు తక్కువ, 200 మీటర్లకు బుల్లెట్ దిగుబాటు .44 కంటే బాగా తక్కువ కాబట్టి వెనక సైట్‌ని సవరించే క్లిక్కులు కూడా తక్కువ తిప్పాలి. రీలోడింగ్ మీవల్ల కాదంటే కంటెండర్‌లోనే .30-30 బారెల్ చూడండి, తూటా ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, కాకపోతే 10 అంగుళాల బారెల్‌లో ఆ చప్పుడూ మంటా మామూలుగా ఉండవు, చెవులకి రెండు పొరల రక్షణ పెట్టుకోవాలి. .44లో మేలు కూడా అదే, పెట్టె కొని నేరుగా రేంజికి వెళ్ళొచ్చు.

ఇప్పుడు .22 ఎందుకంటే, స్మాల్ బోర్‌లో దూరాలు 25, 50, 75, 100 మీటర్లు, బొమ్మలు చిన్నవి, వరస అదే, రెండు నిమిషాల టైమూ అదే. సైట్ క్లిక్కులు నోటుబుక్కులో రాసుకోవడం, గుండు ఎక్కడ తగిలిందో పక్క నుంచి చూసి చెప్పే స్పాటర్ "ఆరు గంటల వైపు కిందకి" అంటే ఎంత సవరించాలో తెలియడం, టెన్షన్‌లో ఊపిరి ఆపుకోకుండా ఉండడం, ఇవన్నీ తక్కువ ఖర్చుతో అలవాటవుతాయి. బ్రౌనింగ్ బక్ మార్క్ సిలూయెట్ మోడల్ దొరికితే మంచిది. అసలు నా ఓటు .22 బారెల్ ఉన్న కంటెండర్‌కి, ఎందుకంటే రేపు అదే ఫ్రేముకి టీసీయూ బారెల్ కొనుక్కుంటే చాలు, గ్రిప్పు అదే, ట్రిగ్గర్ అదే, చేతికి కొత్త ఉండదు. తూటా మాత్రం హై వెలాసిటీ వద్దు, స్టాండర్డ్ వెలాసిటీ తీసుకోండి. ధ్వని వేగం దాటి బయల్దేరిన .22 బుల్లెట్‌ని గాలి ఎక్కువ పక్కకు తోస్తుంది, కొంచెం నెమ్మదిగా వెళ్ళేదాన్ని తక్కువ తోస్తుంది. వింతగా అనిపిస్తుంది గానీ గాలి ఉన్న రోజు రెండు రకాలూ పక్కపక్కన కొట్టి చూడండి, 100 మీటర్ల పొట్టేలే చెప్తుంది.

సంక్రాంతి ప్రాక్టీసు. ఇక్కడ భీమవరంలో, అమలాపురంలో ఈ పోటీలేమీ లేవు. కానీ 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఎయిర్ పిస్టల్ సిలూయెట్‌లో దూరాలు 10, 12.5, 15, 18 గజాలు, బొమ్మలు అసలు వాటిలో పదో వంతు. మా తోటలో నేను పెట్టుకున్నవి రావులపాలెంలో వెల్డింగ్ షాపు కుర్రాడు కోసిచ్చినవే, అట్టముక్క మీద ఆకారం గీసి ఇస్తే చక్కగా కోశాడు. వెనక ఇసుక బస్తాలు రెండు వరసలుగా పేర్చండి, అటు పక్క ఇల్లూ, దారీ ఉండకూడదు. సీసం పెల్లెట్లే వాడండి, ఉక్కు గుళ్ళు వెనక్కి ఎగురుతాయి, చూడ్డానికొచ్చిన పిల్లలకి కూడా కళ్ళద్దాలు పెట్టండి. పొద్దున్నే కొట్టుకోవడం మేలు, మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలవుతుంది. మన కోనసీమ తేమకి ఇనుము రాత్రికి రాత్రే చెమ్మ పట్టేస్తుంది, పని కాగానే నూనె గుడ్డతో తుడిచి పెట్టండి, తోలు సంచిలో మాత్రం దాచకండి.

అక్కడి పిస్టల్‌ని ఇక్కడికి తెచ్చే ఆలోచన వద్దు, 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ ఉన్నా, తూటా ఉన్నా కేసే. రేంజికి వాడే బ్యాగు విడిగా పెట్టుకోండి, ప్రయాణానికి దాన్ని ఎప్పుడూ వాడకండి. జిప్పు మూలలో మర్చిపోయిన ఒక్క .22 తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తే చాలు, పండక్కి ఇంటికి రావాల్సిన మనిషి పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. జాకెట్ జేబులు, బూట్లలోపల, ప్యాంటు మడతలు కూడా బయల్దేరే ముందు రోజు చూసుకోండి.