రాత్రి ప్రార్థనలో నా పేరు రావడం లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. సెల్ బయాలజీలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మాది గుంటూరు దగ్గర లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవ) కుటుంబం. నాన్న రిటైరైన బయాలజీ టీచరు, సంఘ పెద్ద. ఉల్లిపొరలో కణాలు నాకు మొదట చూపించింది ఆయనే. ఆర్నెల్ల కిందట నా ఫోన్‌లో ‘హెక్ 293’ అని రాసి ఉన్న ఫ్లాస్కు ఫొటో చూసి, నెట్‌లో వెతికి, అవి గర్భస్థ శిశువు నుంచి వచ్చిన కణాలని తెలుసుకున్నారు. రోజూ రాత్రి తొమ్మిదికి ఇంట్లో ప్రార్థన, నేను ఫోన్‌లో కలుస్తాను. అప్పట్నుంచి ఆయన అందరి పేర్లూ చెప్పి నా పేరు వదిలేస్తున్నారు. ల్యాబ్‌లో మా సార్ ‘బైబిలా, పిపెట్టా (ద్రవాలు కొలిచి తీసే గొట్టం), ఏదో ఒకటి తేల్చుకో’ అంటారు. ఒక థియాలజీ కాలేజీవాళ్లు బయోఎథిక్స్ (జీవశాస్త్రంలో మంచిచెడ్డల విచారణ) పాఠాలు చెప్పమంటున్నారు. అన్నయ్యకీ వదినకీ ఐవీఎఫ్‌లో పాప పుట్టింది. మిగిలిన మూడు పిండాల్ని ఏం చేయాలో ‘సైంటిస్టువి కదా, నువ్వే చెప్పు’ అంటున్నారు. ల్యాబ్ మానేసి ఎథిక్స్ వైపు వెళ్లిపోనా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం గురించి అడిగారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ తొమ్మిది గంటల ఫోనే. కాబట్టి నాన్నగారి దగ్గరే మొదలుపెడదాం.

ఆయన నెట్‌లో చదివింది అబద్ధం కాదు, సగం. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఒక గర్భస్థ శిశువు మూత్రపిండం నుంచి ఆ కణాల్ని పెంచారు. ఫ్రాంక్ గ్రాహం అనే శాస్త్రజ్ఞుడు చేసిన 293వ ప్రయోగం కాబట్టి ఆ నంబరు. అది గర్భస్రావమో, చేయించుకున్న అబార్షనో కచ్చితంగా చెప్పే రికార్డు మిగల్లేదు. ఇప్పుడు మీ ఫ్లాస్కులో ఉన్నవి ఆ కణాల సంతతి. వాటికోసం కొత్తగా ఏ బిడ్డనూ తాకక్కర్లేదు. ఇదంతా మీకు తెలిసిందే. మరి ఆర్నెల్లలో ఆయనకు ఎందుకు చెప్పలేదు? కోప్పడతారని భయం కాబోలు. పిల్లలకు మైక్రోస్కోపు చూపించి బతికిన మనిషికి ఆ విషయం కూతురి నోటి నుంచి కాకుండా నెట్‌లో దొరికింది. ఆయన బాధలో సగం ఇదేనని నా అనుమానం.

ఒక్క జాగ్రత్త. ‘మీరు వేయించుకున్న కోవిషీల్డ్ కూడా ఈ కణాల్లోనే తయారైంది కదా నాన్నా’ అని మాత్రం మొదలుపెట్టకండి. నిజమే, అందులోని వైరస్‌ను పెంచింది ఈ కణాల్లోనే. 2020 డిసెంబరులో కేథలిక్కుల పీఠమైన వాటికన్ కూడా, వేరే టీకా దొరకనప్పుడు ఇలాంటివి వేయించుకోవడం తప్పు కాదంది. అయితే లూథరన్ సంఘ పెద్దకు వాటికన్ మాట చెప్పి ఒప్పించడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. పైగా వాదన గెలిచినా, రాత్రి తొమ్మిదికి మళ్లీ అదే ఫోను.

‘ఎవర్ని అడిగి తీశారు?’ అని ఆయన అడిగితే సర్దిచెప్పే తొందర పడకండి. అది అసలైన బయోఎథిక్స్ ప్రశ్న. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణితి నుంచి తీసిన హీలా కణాల కథ మీ ల్యాబ్‌లో అందరికీ తెలిసే ఉంటుంది. ఆమెను అడగలేదు. ఇంట్లోవాళ్లకు ఇరవయ్యేళ్లకు పైగా తెలియనే లేదు. అది నాన్నగారికి చెప్పండి. థియాలజీ కాలేజీ కంటే ముందు మీకు ఇంట్లోనే ఒక విద్యార్థి ఉన్నారు, కాస్త మొండి విద్యార్థి.

ఇక ఉద్యోగం. మానకండి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ యూనివర్సిటీలో జాన్ బ్రయంట్ అనే సెల్ బయాలజీ ప్రొఫెసర్ పనిచేశారు. మొక్కల కణాల్లో డీఎన్‌ఏ ఎలా నకలవుతుందన్నది ఆయన పరిశోధన. క్రైస్తవ విశ్వాసి. బయాలజీ విద్యార్థులకు బయోఎథిక్స్ చెప్పారు, క్రైస్తవ శాస్త్రజ్ఞుల సంఘానికి నాయకత్వం వహించారు. ల్యాబ్ తెలిసిన మనిషి కాబట్టే రెండువైపులవాళ్లూ ఆయన మాట విన్నారని నేననుకుంటాను. మీరు పిపెట్టు పక్కన పెట్టేస్తే ఐదేళ్లకు మీ పాఠాలు పాతబడిపోతాయి. చర్చిలో ‘సైన్సు అమ్మాయి’, సైన్సులో ‘చర్చి అమ్మాయి’ అన్న పేర్లు మాత్రం మిగులుతాయి. కాలేజీవాళ్లకు ఒక్క టర్ము, శనివారాలు మాత్రమే అని చెప్పి చూడండి.

జపాన్‌లో షిన్యా యమనాకా అనే శాస్త్రజ్ఞుడు ఒకసారి స్నేహితుడి సంతాన చికిత్స క్లినిక్‌లో మైక్రోస్కోపు కింద పిండాన్ని చూశారట. దానికీ తన కూతుళ్లకూ తేడా ఎంత తక్కువో అనిపించిందట. ఆయన ల్యాబ్ వదల్లేదు. పిండం అవసరం లేకుండా మూలకణాలు (శరీరంలో ఏ రకం కణంగానైనా మారగలిగేవి) తయారుచేసే దారి వెతికారు. 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి చర్మకణాలతో సాధించారు. 2012లో నోబెల్ వచ్చింది.

మీ సార్ మాటలకు నవ్వి ఊరుకోవద్దు. పిండ మూలకణాల పని మీకు మనసొప్పకపోతే, ఆ ప్రాజెక్టు మొదలయ్యే ముందే ఈమెయిల్‌లో రాసివ్వండి. పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదని మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలే అంటున్నాయి. అంటే గీత ఉండాలన్నది చర్చి ఒక్కటే అంటున్న మాట కాదు.

అన్నయ్య పిండాల విషయంలో తీర్పు చెప్పే పని నెత్తిన వేసుకోకండి. రేపు ఏ రాత్రో వదినకు దిగులొస్తే ‘ఆడబిడ్డ చెప్పింది’ అన్న మాటే మిగులుతుంది. తెలిసింది చెప్పండి చాలు: ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం పదేళ్ల వరకు భద్రపరచవచ్చు, అమ్మడం నేరం, పరిశోధనకు ఇవ్వాలంటే ఇద్దరి అంగీకారం కావాలి. ఇంజెక్షన్లు పొడిపించుకున్నది వదిన కాబట్టి, అన్నయ్య లేనప్పుడు ఆమెతో విడిగా కూర్చోండి. పాస్టరుగారిని కలవాలా వద్దా అన్నది వాళ్లిష్టం.

నాన్నగారికి ల్యాబ్ చూపించడానికి అనుమతి తీసుకోండి. రెండో శనివారం పిలవండి. ఫ్లాస్కులో గులాబీరంగు ద్రవం కణాలు కిక్కిరిసేకొద్దీ పసుపెందుకు అవుతుందో ఆయన్నే ఊహించమనండి. కళ్లజోడు తీసి, ఫోకస్ ఆయన్నే తిప్పుకోనివ్వండి. పక్కన నిలబడి వివరించాలని మీకు నోరు దురద పెడుతుంది. ఊరుకోండి. ఆ రాత్రి ప్రార్థనలో పేరు వచ్చిందా అని కూడా చెవి ఒగ్గి కూర్చోకండి.