మొదటి పేపర్ ఎక్కడికి పంపాలని అడిగిన అమ్మికి

కర్నూలు

అమ్మీ, పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన వాట్సాప్ మెసేజీ చూసినాను. ‘యూజీసీ కేర్ లిస్టెడ్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8, 48 గంటల్లో పబ్లికేషన్, పేపరుకు 2,500 మాత్రమే.’ పీహెచ్‌డీ కోసం రెండు రీసెర్చ్ పేపర్లు ఇప్పుడే వేసుకుంటే తర్వాత నిశ్చింత అని సీనియర్లు చెప్తున్నారని రాసినావు. వద్దమ్మీ. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఆ ఒక్క మెసేజీలోనే మూడు మోసాలున్నాయి. కేర్ అంటే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఒప్పుకున్న జర్నళ్ల జాబితా. దాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. జర్నల్ మంచిదో కాదో తేల్చుకునే పని విశ్వవిద్యాలయాలకే వదిలి, దేన్ని చూసి తేల్చుకోవాలో కొన్ని సూచనలు మాత్రం ఇచ్చింది. కాబట్టి ‘కేర్ లిస్టెడ్’ అని ఈరోజు ఎవరు చెప్పినా నమ్మొద్దు. ఒక జర్నల్ పేపర్లను వేరేవాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించినారో చెప్పే అంకె ఇంపాక్ట్ ఫ్యాక్టర్. దాన్ని లెక్కగట్టేది క్లారివేట్ సంస్థ ఒక్కటే, ఏటా జూన్‌లో. అలాంటి పేర్లతోనే డబ్బు తీసుకుని అంకెలు అంటగట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. ఇక 48 గంటలంటావా, ఆ టైములో నీ పేపర్ చదివే మనిషి దొరకడమే కష్టం. రివ్యూ, అంటే ఆ రంగం తెలిసిన వేరేవాళ్లు చదివి తప్పొప్పులు చెప్పడం, జరగలేదని వాళ్లే చెప్పుకున్నట్టు.

పైగా నీకంత తొందర ఎందుకు? 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండి తీరాలనే షరతు తీసేసినారు. అయితే విశ్వవిద్యాలయం తన సొంత నియమాల్లో దాన్ని ఉంచుకోవచ్చు. అందుకని సీనియర్ల మాట మీద ఉండకుండా రీసెర్చ్ సెక్షన్‌కు పోయి, నీ బ్యాచ్‌కు వర్తించే నియమాల కాపీ తెచ్చుకో. పేపర్ కావాలని ఉంటే ఎలాంటి జర్నలో కూడా అందులోనే ఉంటుంది.

జర్నల్‌ను చూసుకోవడం ఒక గంట పని. జర్నల్‌కు ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు ఉందని చూపిస్తే మురిసిపోవద్దు. అది బండికి నంబరు ప్లేటు లాంటిది, ఇంజను సంగతి చెప్పదు. ఒక్కో పేపరుకు ఇచ్చే డీఓఐ నంబరు కూడా అంతే. స్కోపస్ అనే జర్నళ్ల డేటాబేస్‌లో ఉందంటే వాళ్లిచ్చిన లింకు నొక్కకుండా నువ్వే స్కోపస్ సోర్సెస్ పేజీ తెరిచి ఐఎస్‌ఎస్‌ఎన్ కొట్టి చూడు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ ఏ సంవత్సరం వరకు తీసుకున్నారో రాసి ఉంటుంది. చాలా జర్నళ్లను మధ్యలో తీసేసినారు, అయినా వాటి ముఖచిత్రం మీద స్కోపస్ గుర్తు అట్లే ఉంటుంది. ఇంకో మోసం, మంచి జర్నల్ పేరూ నంబరూ దొంగిలించి అచ్చం అదే వాలకంతో వేరే వెబ్‌సైట్ నడపడం. ఓపెన్ యాక్సెస్ జర్నల్, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేది, అయితే అలాంటి జర్నళ్ల జాబితా డీఓఏజేలో ఉన్న వెబ్ చిరునామా, నీకు వచ్చిన చిరునామా అక్షరం అక్షరం కలవాలి.

తర్వాత గత ఏడాది సంచికలు తెరువు. మేనేజ్‌మెంటు, వృక్షశాస్త్రం, తెలుగు సాహిత్యం, సివిల్ ఇంజినీరింగ్ అన్నీ ఒకే సంచికలో ఉంటే మూసెయ్. ఒక్కో పేపర్ మొదటి పేజీలోనో చివరనో ‘అందిన తేదీ, అంగీకరించిన తేదీ’ సాధారణంగా ఉంటాయి. పది పేపర్లవి రాసుకో. వరసగా రెండు మూడు రోజుల తేడానే కనపడితే అక్కడ ఎవరూ చదవడం లేదు. సంపాదకవర్గంలో ఇద్దరిని ఎంచుకుని, వాళ్ల సొంత విశ్వవిద్యాలయం పేజీలో ఆ జర్నల్ పేరు ఉందో లేదో చూడు. తెలియకుండానే పేరు వాడేసిన వాళ్లు ఎంతోమంది.

స్కోపస్‌లో ఉంటే చాలు అనుకోవద్దు కూడా. హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్లు చాలా అందులో ఉన్నవే. బయటినుంచి పిలిచిన గెస్ట్ ఎడిటర్లతో నడిపిన ప్రత్యేక సంచికల్లోకి, డబ్బుకు తయారుచేసి అమ్మే నకిలీ పేపర్లు చొరబడి, 2023 ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. మన హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. రివ్యూ చేస్తున్నామని చెప్పి చేయకపోవడం, ఫీజుల సంగతి ముందు చెప్పకపోవడం అందులోని ఆరోపణలు. ఫీజు మాట వాళ్లు దాచేది ఎందుకంటే, పేపర్ చేతికొచ్చినాక నువ్వు కదల్లేవు. వెనక్కి తీసుకుంటానంటే దానికీ డబ్బు అడుగుతారు. అక్కడ అచ్చయిన డేటాను మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు. మూడేళ్ల పంట రెండు వేల ఐదొందలకు పోయినట్టే. రేపు ఇంటర్వ్యూలో ఆ జర్నల్ పేరు చూసి బోర్డులో ఒకరు ముఖం తిప్పుకుంటే, మిగతా పనినీ ఎవరూ నమ్మరు. నా బాధంతా అదే.

చందా మీద నడిచే జర్నల్‌కు సాధారణంగా నువ్వేమీ కట్టక్కర్లేదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తెచ్చే జర్నళ్లు ముందు చూడు. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే ఫీజు ఎంతో వెబ్‌సైట్లో బాహాటంగా ఉండాలి. మాఫీ అడగాలంటే పేపర్ పంపేటప్పుడే అడగాలి, అంగీకరించినాక చాలాచోట్ల వినరు. చదువుకోవడానికి మాత్రం ఇప్పుడు నీకు కొరత లేదు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరిచినారు. లైబ్రరీలో అడిగి లాగిన్ చేయించుకో.

ఇప్పుడు అసలు సంగతి. నీది శనక్కాయలో కరువు తట్టుకునే గుణం మీద పని. ఏడాదికి ఒక్కటే ముంగారు. రెండు సీజన్ల డేటా లేకుండా ఏ మంచి జర్నలూ పొలం ప్రయోగాన్ని నమ్మదు, ఎందుకంటే అనంతపురంలో ఒక ఏడు వాన ఇంకో ఏడు వానలా ఉండదు. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు. కోర్సువర్క్ అయినాక చూద్దామని కూర్చుంటే ఒక ముంగారు పోతుంది. జూన్‌లోపే విత్తనాలు, రకాల జాబితా, మడుల పటం సిద్ధంగా ఉండాలి. పదును వాన పడ్డాక ఎవరినీ బతిమాలే టైముండదు. ప్రతి రకానికీ కనీసం మూడు మడులు పెట్టు, వాటి స్థానాలు చీటీ వేసి తియ్యి. అన్నీ ఒక గట్టు పక్కనే పెడితే రకం తేడానా, నేల తేడానా అని రివ్యూ చేసేవాళ్లు అడుగుతారు, నీ దగ్గర జవాబుండదు.

ఆకు కొలతల్లోనే ఎక్కువ మంది చెడగొట్టుకుంటారు. ఆకు పచ్చదనాన్ని కొలిచే స్పాడ్ మీటర్‌తో చూసేటప్పుడు అన్ని మొక్కల్లోనూ కొమ్మ కొన నుంచి ఒకే వరస ఆకు, రెండోదో మూడోదో పూర్తిగా విచ్చినది, తియ్యి. పొద్దున పూటే, ప్రతిసారీ ఒకే టైముకు. ఈనె మీద మీటర్ పెడితే అంకె తప్పు వస్తుంది. ఆకు వైశాల్యం కొలిచేలోపు వాడిపోకుండా నీళ్లలో ఉంచు, తర్వాత ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 48 గంటలు ఆరబెట్టి తూకం వెయ్యి. వైశాల్యాన్ని ఎండు బరువుతో భాగిస్తే వచ్చేదే స్పెసిఫిక్ లీఫ్ ఏరియా. అది తక్కువగా, స్పాడ్ ఎక్కువగా ఉన్న రకం సాధారణంగా నీటిని పొదుపుగా వాడుతుంది. ఇవన్నీ పేజీ నంబర్లున్న నోటుబుక్కులో, పొలంలోనే, పెన్నుతో రాయి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయి, చింపొద్దు. ఆరోజు వాన ఎంతో కూడా రాయి. సాయంత్రం ప్రతి పేజీ ఫోటో తీసి రెండు చోట్ల దాచు.

రాసేటప్పుడు వేరేవాళ్ల పేపర్ పక్కన పెట్టుకుని మాటలు మార్చే పని చేయొద్దు. చదివి, మూసి, నీ మాటల్లో రాసి, తర్వాత అంకెలు సరిచూసుకో. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే సరిచేసి ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ఏఐతో రాయిస్తే పోలిక తక్కువే చూపించొచ్చు, కానీ లేని పేపర్లను రిఫరెన్సులుగా పుట్టిస్తుంది. ఒక్కో డీఓఐ నువ్వే తెరిచి చూడు. భాష దిద్దడానికి వాడుకున్నా ఆ సంగతి జర్నల్‌కు చెప్పు.

పేర్ల విషయం నీకు ఇబ్బందే, తెలుసు. పని చేయనివాళ్ల పేరు పెట్టమని పెద్దవాళ్లు అడిగితే చిన్నదానివి ఎదురు చెప్పలేవు. అందుకే విత్తనం వేయకముందే గైడ్‌గారితో కూర్చుని ఎవరు ఏ పని చేస్తారో, ఏ వరసలో పేర్లు ఉంటాయో మాట్లాడుకో. ఆరోజే ‘సార్, మనం అనుకున్నది ఇది’ అని మర్యాదగా ఒక ఈమెయిల్ పంపు. తర్వాత మార్పు వచ్చినా ఆ మెయిల్ ఆధారంగా మాట్లాడొచ్చు.

పేపర్ ఒకసారికి ఒక్క జర్నల్‌కే పంపాలి. ఎడిటరే తిప్పి పంపితే వారం పది రోజుల్లో తెలుస్తుంది, రివ్యూకు పోతే మూడు నాలుగు నెలలు మామూలే. తిప్పి పంపినారని ఏడవొద్దు, అందరికీ జరిగేదే. వ్యాఖ్యలు వస్తే ఎడమ గడిలో వాళ్ల మాట, కుడి గడిలో నీ జవాబు, ఏ పేజీలో మార్చినావో లైను నంబరుతో సహా రాసి పంపు.

ఈలోపు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయడం మానొద్దు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి కూడా 2023 జూలై నుంచి నెట్, రాష్ట్ర స్థాయి సెట్ లాంటివే కనీస అర్హతగా పెట్టినారు.

నీ పనికి సరిపోయే మూడు జర్నళ్లు వెతుకు. ఒక్కోదాని ఐఎస్‌ఎస్‌ఎన్, స్కోపస్‌లో ఉన్న సంవత్సరాలు, పది పేపర్ల అందిన, అంగీకరించిన తేదీలు, ఫీజు ఒక కాగితం మీద రాసి ఫోటో పంపు. ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం.

పెద్దనాయన