శారా "యజమానుడు" అన్నది కాబట్టి మనమూ అనాలా?

మీరడిగింది ఇదే కదా: బైబిల్లో శారా తన భర్త అబ్రాహామును యజమానుడు అంది, కొరింథు సంఘంలో ఆడవాళ్లు ముసుగు వేసుకున్నారు, మరి ఇంట్లో భర్త మాటే చెల్లాలన్నది దేవుని బోధా, ఆ కాలపు ఆచారమా అని. నేను ఆచారమనే అంటాను. నేనేమీ బైబిల్ కాలేజీలో చదవలేదు, గుంటూరు లూథరన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టిపెరిగానంతే.

పెళ్లయిన ఐదో ఏడు నేను చీటీ పాడుకున్న డబ్బుతో మా ఆయన మిర్చి టిక్కీలు (బస్తాలు) కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు, ఈసారి సరుకు ఎక్కువుంది వద్దండీ అని నేను మొత్తుకుంటున్నా సరే. రేటు పడిపోయింది. గట్టిగా అడిగితే భార్యలు భర్తలకు లోబడాలన్న ఎఫెసీ 5:22 చూపించారు, సంఘ పెద్ద ఒకాయన కూడా "లోబడమ్మా" అన్నారు. ఆ రాత్రి కోపంతోనే బైబిల్ తెరిచాను. 22 పైనే 21 ఉంది, ఒకరికొకరు లోబడమని! అది ఎవరూ చదవరేం?

తర్వాత ఆదికాండం. శారా ఆ మాటన్నది గుడారంలో తనలో తాను నవ్వుకుంటూ, ఈ ముసలాయనతో ఇప్పుడు పిల్లలా అని. యేసు శిష్యుడు పేతురు తన పత్రికలో దాన్ని మెచ్చుకున్నాడు, కాదనను. కానీ 21:12లో దేవుడే అబ్రాహాముతో శారా చెప్పింది విను అన్నాడు. మా ఆయన అన్నం తింటూ ఎడమ చేత్తో బైబిల్ దగ్గరకు లాక్కుని రెండుసార్లు చదివి, "ఇది హాగరు గొడవలో కదే" అన్నారు. నిజమే, అబ్రాహాముకు పిల్లాణ్ణి కన్న దాసి హాగరును శారా మాట మీద ఆ పిల్లాడితో సహా అడవిలోకి పంపేసిన గొడవే అది. దాసితో పిల్లల్ని కనడం కూడా అప్పటి ఆచారమే, దాన్నీ బోధ అందామా?

ఆచారమే బోధ అయితే యాకోబు కథా బోధే కావాలి. రాహేలును పెళ్లాడడం కోసం అతను 7 ఏళ్లు, మోసపోయి ఇంకో 7 ఏళ్లు మామకు చాకిరీ చేశాడు. అక్కడ ఇచ్చుకునేది మగపిల్లాడు. మన కృష్ణా, గుంటూరు సంబంధాల్లో కట్నం మాట్లాడేటప్పుడు ఈ కథ ఒక్కరికీ గుర్తురాదు.

ఇక ప్రతి మగవాడూ తన ఇంట్లో యజమానిగా ఉండాలని 127 సంస్థానాలకు ఆజ్ఞ పంపింది ఎస్తేరు గ్రంథంలోని పారసీక రాజు, దేవుడు కాదు. అది కూడా తాగిన మత్తులో పిలిస్తే భార్య రాలేదన్న ఉక్రోషంతో. అపొస్తలుడు పౌలు భార్య శరీరం మీద భర్తకు అధికారం ఉందన్న చోట (1 కొరింథీ 7:4) వెంటనే భర్త శరీరం మీద భార్యకూ అంతే ఉందన్నాడు.

గుళ్లో కొంగు నేనిప్పటికీ కప్పుకుంటాను, అలవాటు. మా ఆయన ఇప్పుడు సరుకు కొనే ముందు నన్ను అడుగుతున్నారు. వింటారా అంటే, సగం సార్లు.