స్కాన్ పీడీఎఫ్‌లలో పేజీ ఆలస్యంగా తిరుగుతోందా? తప్పు తెరదో ఫైలుదో ముందు తేల్చుకోండి

ప్రశ్న: గుంటూరులో ఉంటాను, ఉద్యోగానికి రోజూ ట్రైన్‌లో విజయవాడ వెళ్లొస్తాను. 6 అంగుళాల, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ల) కిండిల్ ఈ-రీడర్ ఉంది. ఇంగ్లిష్ నవలలు బాగానే తిరుగుతాయి. ఆర్కైవ్ సైట్ నుంచి దింపుకున్న పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు మాత్రం పేజీకి రెండు మూడు సెకన్లు తీసుకుంటున్నాయి. పైగా ప్రతి పేజీకీ తెర ఒకసారి నల్లగా మెరుస్తోంది. మన ఎండల వల్లా? కొత్తది కొంటే పోతుందా?

జవాబు:

ఎండల వల్ల కాదండీ. ఇంగ్లిష్ నవలలు బాగానే తిరుగుతున్నాయని మీరే రాశారు. తెరలో లోపముంటే అవీ నెమ్మదించాలి కదా. మీది ఫైళ్ల సమస్య. ఆ నల్ల మెరుపు వేరే సంగతి, దానికో సెట్టింగ్ ఉంది, కింద చెబుతాను.

మీరు తెర తాకాక రెండు పనులు జరుగుతాయి. ముందు ప్రాసెసర్ తర్వాతి పేజీ బొమ్మను మెమరీలో తయారు చేస్తుంది. ఆ తర్వాతే తెర మారడం మొదలవుతుంది. మీ కిండిల్‌ది ఈ-ఇంక్ తెర, అందులో సన్నటి గుళికల్లాంటివి ఉంటాయి. వాటిలోని ద్రవంలో నల్ల, తెల్ల రేణువులు వోల్టేజీని బట్టి పైకీ కిందికీ నిజంగానే కదులుతాయి. 16 బూడిద ఛాయలతో పేజీ పూర్తిగా మారడానికి గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 450 మిల్లీసెకన్లు పడుతుంది. ఉత్త నలుపు-తెలుపు మోడ్‌కు 260 దాకా, ఛాయలన్నీ వదిలేసే వేగపు మోడ్‌కు 120 దాకా చాలు. ఈ అంకెలు మోడల్‌ను బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి గానీ, తెర ఒక్కటే రెండు సెకన్లు తినదు.

అనుమానముంటే కొలిచి చూసుకోండి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో 240 ఫ్రేములకు పెట్టి, వేలూ తెరా రెండూ కనపడేలా తీయండి. ట్రైన్ కదులుతుంటే చెయ్యి ఆగదు. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం నిలబెడతాడుగా, అప్పుడు తీరిగ్గా తీయొచ్చు. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. వేలు పైకి లేచిన ఫ్రేము నుంచి తెరలో మొదటి మార్పు కనపడే ఫ్రేము దాకా ఒక లెక్క, అక్కణ్ణుంచి పేజీ పూర్తిగా నిలబడేదాకా ఇంకో లెక్క. రెండో లెక్క 110 ఫ్రేముల దరిదాపుల్లో ఉంటే తెర సవ్యంగా ఉన్నట్టే. మొదటిది 300, 400 ఫ్రేములు వస్తే తప్పు ఫైలుది.

వేలు "పైకి లేచిన" అన్నది ఊరికే అనలేదు. టచ్ మోడళ్లలో వేలు ఆనగానే పేజీ తిరగదు. అది తాకడమా, జరపడమా, నొక్కి పట్టుకోవడమా అన్నది వేలు తీశాకే తేలుతుంది. కాబట్టి వేలు జరిపి తిప్పేకన్నా అంచున చటుక్కున తాకి తీసేయడం మేలు. ఇక మే నెల ఉక్కలో చెమట వేళ్లతో తాకితే కొన్ని తాకిళ్లు అసలు నమోదు కావు, మీరేమో పేజీ ఆలస్యమైందనుకుంటారు. తెరనూ వేలినీ ఒక్కసారి పొడి గుడ్డతో తుడిచి చూడండి. పైన టెంపర్డ్ గ్లాస్ అతికించి ఉంటే పీకేయండి, ఈ తెరలకు దాని అవసరమే లేదు.

ఇప్పుడు ఫైలు సంగతి. డెమ్మీ సైజుకు దగ్గరగా ఉండే 5.5 × 8.5 అంగుళాల పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలతో) స్కాన్ చేస్తే 3300 × 5100 పిక్సెళ్లు, అంటే కోటీ 68 లక్షలు. మీ తెరలో ఉన్నవి 1072 × 1448, అంటే పదిహేనున్నర లక్షలు. దాదాపు పదకొండు రెట్ల పెద్ద బొమ్మను విప్పి, కుదించి, బూడిద ఛాయల్లోకి మార్చాలి, అదీ ఫోన్‌తో పోలిస్తే చాలా చిన్న ప్రాసెసర్‌తో. ఆర్కైవ్ పీడీఎఫ్‌లలో చాలావాటిలో పేజీ ఒకే బొమ్మగా ఉండదు. కాగితం మరకలు ఒక పొర, అక్షరాలు ఇంకో పొర, వాటిని కలిపే ముసుగు మరో పొర. అందులో జేపెగ్ 2000 అనే బొమ్మల కుదింపు పద్ధతి వాడితే విప్పడం మరీ నెమ్మది. మీ రెండు సెకన్లూ అక్కడే పోతున్నాయి.

మందు: పుస్తకాన్ని కంప్యూటర్‌లోనే మీ తెర కొలతకు కుదించి పంపడం. దీనికి కే2పీడీఎఫ్ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, విండోస్‌లో బటన్లతోనే నడుస్తుంది. డివైస్ దగ్గర పేపర్‌వైట్ (కిండిల్‌లో ఒక మోడల్) ఎంచుకుని, వెడల్పు 1072, ఎత్తు 1448 ఉన్నాయో లేదో సరిచూడండి. కన్వర్షన్ మోడ్‌లో ఫిట్ పేజ్ పెట్టండి, అంచుల ఖాళీ అదే కత్తిరిస్తుంది. ఆ తర్వాత, చాలామంది వదిలేసేది ఇదే, నేటివ్ పీడీఎఫ్ అవుట్‌పుట్ అనే టిక్ తీసేయండి. అది ఉంటే పాత బొమ్మలు ఉన్నవున్నట్టుగా కొత్త ఫైల్లోకి వెళ్తాయి. అంచులు తెగి పేజీ బాగానే కనపడుతుంది కానీ వేగం అంగుళం కూడా పెరగదు.

అక్షరాలు పెద్దవవుతాయని రీఫ్లో మోడ్ (మాటల్ని విడదీసి తెర వెడల్పుకు మళ్లీ పేర్చేది) జోలికి వెళ్లకండి. అది ఇంగ్లిష్‌కు బాగుంటుంది. మన లిపిలో వత్తులు వరుస కింద విడిగా ఉంటాయి కాబట్టి ఆ వరుసలు పోల్చడంలో పొరబడి, "క్ష్మి"లో మకారం వత్తును కింది వరుసకు అంటించే అవకాశముంది. అక్షరాలు చిన్నవనిపిస్తే ఫిట్ విడ్త్ పెట్టి పేజీని అడ్డంగా చదవండి.

ముందు పది పేజీలు మాత్రమే మార్చి, యూఎస్‌బీ కేబుల్‌తో డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వేసి చూడండి. బాగుంటేనే మొత్తం పుస్తకం. కాగితం పసుపు మిగిలి నేపథ్యం బూడిదగా కనపడితే కాంట్రాస్ట్ పెంచి మళ్లీ మార్చండి. కంటికి ఇంపు అని కాదు. నేపథ్యం మరకలతో ఉంటే ప్రతి పేజీకీ తెరంతా మారాలి, పాత పేజీ నీడలూ ఎక్కువ మిగులుతాయి. నేపథ్యం తెల్లగా, అక్షరం నల్లగా ఉంటే ఆ గొడవ సగానికి సగం తగ్గుతుంది.

ఆ నల్ల మెరుపు గురించి: పాత అక్షరాల నీడ పోగొట్టడానికి తెర మొత్తాన్ని ఒకసారి నల్లగా, తెల్లగా కొట్టడమే అది. సెట్టింగ్స్‌లో రీడింగ్ ఆప్షన్స్‌కు వెళ్తే పేజ్ రిఫ్రెష్ అని ఉంటుంది. ప్రతి పేజీకీ మెరుస్తోందంటే బహుశా అది ఆన్‌లో ఉంది, ఆఫ్ చేయండి. స్కాన్ పుస్తకాలకు నీడలు మరీ కనపడితే తిరిగి ఆన్ చేసుకోవడమే. కోబో అనే ఇంకో కంపెనీ ఈ-రీడర్‌లో అయితే ఎన్ని పేజీలకోసారి మెరవాలో అంకె ఇవ్వొచ్చు. 6 సరిపోతుంది.

అన్ని పుస్తకాలూ ఒకేసారి నెమ్మదిస్తే కారణం ఇండెక్సింగ్ అయి ఉంటుంది. ఒకేసారి వంద పుస్తకాలు దించితే వాటి మాటలన్నీ వెతుకులాటకు నమోదు చేసుకుంటూ ప్రాసెసర్ తీరిక లేకుండా ఉంటుంది. ఛార్జర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ తేలకపోతే ఏదో పాడైన ఫైలు దగ్గర ఇరుక్కుంది, చివరగా వేసిన పుస్తకాలు తీసేసి పవర్ బటన్ 40 సెకన్లు పట్టుకుని రీస్టార్ట్ చేయండి.

ఎండ మాట. ఈ తెరల్ని నెమ్మదింపజేసేది చలి. ద్రవం చిక్కబడితే రేణువులు కదలవు. వేడికి పలచబడుతుంది కాబట్టి వేగానికి ఢోకా లేదు. అయితే కిండిల్ వాడకానికి కంపెనీ చెప్పే హద్దు 35 డిగ్రీలు, మనకు మేలో 45 కూడా చూస్తాం. స్టేషన్ పార్కింగ్‌లో బండి డిక్కీలో వదిలి వెళ్లకండి, పోయేది బ్యాటరీ.

కొత్తది కొనడం గురించి: 2021 పేపర్‌వైట్‌కు 20 శాతం, 2024 దానికి 25 శాతం వేగం పెరిగిందని అమెజాన్ చెప్పుకుంది. 450లో పాతిక శాతమంటే 110 మిల్లీసెకన్లు. ఇంగ్లిష్ నవలకు అంతే తేడా. ప్రాసెసర్ కూడా మెరుగు కాబట్టి పీడీఎఫ్‌లు కొంత చురుగ్గా తిరుగుతాయి, కానీ 7 అంగుళాల తెర మీద డెమ్మీ పేజీ ఇరుకే. చదివేది ఎక్కువగా స్కాన్ పుస్తకాలైతే ఆ డబ్బుకు ఇంకొంత కలిపి 10 అంగుళాలది చూడండి. రంగు తెర వద్దు. పైన ఫిల్టర్ ఉండటం వల్ల పేజీ కాస్త మసగ్గా కనపడుతుంది, నలుపు-తెలుపు పుస్తకానికి దాంతో ఒరిగేదేమీ లేదు.